ముందర కొట్టం, వెనక మిద్దె

ఎజ్రా నంద్యాలలో ఇళ్ల ప్లాన్లు గీయబట్టి ఇరవై ఆరేళ్లయింది. అన్నేళ్లుగా ఒక చిన్న అబద్ధాన్ని కూడా ప్లాను కాగితంలాగే మడత పడకుండా కాపాడుకొస్తున్నాడు. ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే, "ఆళ్లగడ్డ. అక్కడ మాది పాతకాలపు మట్టిమిద్దె" అనేవాడు. మొదటిసారి ఎవరితో అన్నాడో అతనికే గుర్తులేదు. ఇళ్లు గీసేవాడికి తను పుట్టిన ఇల్లు కాస్త గట్టిది ఉంటే బాగుంటుందనుకున్నాడేమో. చెప్పగా చెప్పగా ఆ మిద్దెకు టేకు దూలాలు, పైకెక్కడానికి రాతిమెట్లు కూడా అమిరాయి.

అసలు పుట్టింది బోదగడ్డి కప్పిన కొట్టంలో. సీమలో ఆ రోజుల్లో చదును కప్పుంటే మిద్దె, వాలు కప్పుంటే కొట్టం. ఒకదాన్నుంచి ఇంకొకదానికి చేరడానికి కొన్ని కుటుంబాలకు మూడు తరాలు పట్టింది.

అలాంటివాడి దగ్గరికి దెబోరా టీచరమ్మ వచ్చింది. ఆళ్లగడ్డలో అతనికి రెండో తరగతి చెప్పిన టీచరు. రిటైరయ్యాక నంద్యాల బైపాసు పక్క కొత్త కాలనీలో స్థలం కొనుక్కుంది. ఆ కాలనీ సంఘానికి ఒక నియమముంది. రోడ్డు మీద నిలబడి చూస్తే ప్రతి ఇంటికీ ముప్పై డిగ్రీల వాలు కప్పు, ఎర్రపెంకులు కనిపించాలి. చదును కప్పు గానీ, దాని పిట్టగోడ గానీ కనపడకూడదు. ఎజ్రా నియమం తప్పకుండా ఇల్లంతా వాలు కప్పే గీసిచ్చాడు.

టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"ఏందిరా ఇది?"

"కాలనీ రూలు టీచరమ్మా. అందరివీ ఇట్లే ఉండాల."

"కొట్టంలోంచి బయటపడేకి మాకు యాభై ఏండ్లు పట్టె. ఇప్పుడు దుడ్లిచ్చి మళ్లీ కొట్టం కట్టుకోమంటాండావా?"

"కొట్టం కాదు టీచరమ్మా, విల్లా."

"బోద పీకి పెంకేస్తే విల్లానా?"

ఎజ్రాకు నవ్వొచ్చింది గానీ, ఆవిడ నవ్వలేదు.

"నాకు మిద్దె ఎక్కాలని ఉందిరా. పీర్ల పండగకు ఊరేగింపొస్తే ఊరంతా మిద్దెలెక్కి చూసేది. మన వీధోళ్లను పైకి రానిచ్చేటోళ్లా? జనం కాళ్ల సందుల్లోంచి చూస్తాంటిమి. నా మిద్దె నేను ఎక్కేకి కూడా ఇంకొకరు ఒప్పుకోవాల్నా?"

 ఎజ్రా మాత్రం చిన్నప్పుడు మిద్దెలు ఎక్కాడు, పని మీద. వాళ్ల నాయన పరంజ్యోతి బేల్దారి. వానలకు ముందు ఊళ్లో మిద్దెలమీద చౌడుమట్టి పరిచి, కట్టెతో కొట్టి సాపు చేసేవాడు. పని ముగిశాక ఎజ్రా చేతిలోని చెంబు తీసుకుని కప్పు మీద నీళ్లు వొంపేవాడు. "వాటం కుదిరిందో లేదో మనం చెప్పగూడదురా, నీళ్లు చెప్పాల" అనేవాడు. నీళ్లు వాలు వెంట జారి, మూలనున్న గొట్టం దాకా పోయేవి. తండ్రీకొడుకులు కిందికి దిగి, వానకు కారే తమ కొట్టానికి పోయేవాళ్లు.

ఎజ్రా రెండో ప్లాను గీశాడు. ముందు వసారాకు మాత్రం వాలు కప్పు, వెనక ఇల్లంతా చదును మిద్దె. అది పట్టుకుని ఇద్దరూ సంఘం ముందు కూర్చున్నారు. ప్రెసిడెంటు రాజశేఖర్, రిటైరైన ఇంజనీరు, కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"వెనక పిట్టగోడ రోడ్డుకు కనపడుతోంది. కుదరదు. అయినా ఇది ముప్పై డిగ్రీలేనా?"

"ముప్పయ్యే సార్" అన్నాడు ఎజ్రా ధీమాగా.

టీచరమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి కోణమానిని తీసి ప్లాను మీద పెట్టింది. బడి మానేసినా ఆవిడ సంచీ బడి మానలేదు.

"పద్దెనిమిది" అంది. "లెక్కల్లో అప్పుడూ ఇంతే వీడు."

ఎజ్రా నాలిక కరుచుకున్నాడు. నాయన చెప్పిన కొట్టం లెక్క, అడుగుకు నాలుగంగుళాల వాటం, చెయ్యి తనంతట తనే గీసేసింది. రాజశేఖర్ మంచివాడు. ఓదార్చబోయాడు.

"పోనీలెండి, మిద్దెలో పుట్టి పెరిగిన మనిషి. వాలు కప్పుల సంగతి ఆయనకేం తెలుస్తుంది?"

"ఎవరూ, ఈ ఎజ్రానా?" టీచరమ్మ ఆశ్చర్యపోయింది. "వానొస్తే కొట్టం కారతాందని పుస్తకాలు నా బల్లకింద దాచిపెట్టి పోయేటోడు కదప్పా!"

సంఘం సభ్యులు ఆరుగురూ అతనివైపు తిరిగారు. ఇరవై ఆరేళ్ల మిద్దె రాతిమెట్లతో సహా కూలిపోయింది. ఎజ్రా చెవులు ఎర్రబడ్డాయి.

"కొట్టమే సార్" అన్నాడు చివరికి. "మిద్దెలు మా నాయన కట్టినవి. మావి కాదు."

తల ఎత్తడానికి మొహం చెల్లక, పెన్సిలు తీసుకుని తప్పు దిద్దడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదిని ముప్పై చేశాడు. వసారా కప్పు వెనక అంచు రెండడుగులు పైకి లేచి, పిట్టగోడకు సమానంగా వచ్చి ఆగింది. మిద్దె కప్పంతా దాని చాటుకు పోయింది. ఎజ్రా కాసేపు దాన్నే చూశాడు.

"ఇప్పుడు రోడ్డుకు పెంకులే కనపడతాయి సార్. ముప్పై కావాలంటిరి, ఆ ముప్పయ్యే పిట్టగోడను దాచింది."

రాజశేఖర్ కోణమానిని అడిగి తీసుకుని, కొలిచి, సంతకం పెట్టాడు.

"ముందర కొట్టం, వెనక మిద్దె" అంది టీచరమ్మ. "మన బతుకు మాదిరే ఉందిరా."

ఆరు నెలలకు ఇల్లు లేచింది. కప్పు పని ముగిసిన రోజు ఎజ్రా చెంబుతో నీళ్లు తెచ్చి ఆవిడను పిలిచాడు. టీచరమ్మ మెట్లెక్కి వచ్చి, పైమెట్టు మీద చెప్పులు విడిచింది.

"ఎండకు కాళ్లు కాలతాయి టీచరమ్మా. చెప్పులెందుకు విడిచినారు?"

ఆవిడ కాళ్లవైపు చూసుకుంది. పెద్ద మిద్దెల ముందునుంచి చెప్పులు చేతపట్టుకుని నడిచిన కాళ్లవి.

"పాడు అలవాటు" అంది. మళ్లీ చెప్పులు తొడుక్కుంది. చెంబు అందుకుని నీళ్లు వొంపింది. నీళ్లు కాసేపు తటపటాయించి, మూలనున్న గొట్టం వైపు కదిలాయి. ఆవిడ వాటి వెంటే మిద్దె ఈ చివరనుంచి ఆ చివరదాకా, కింద పెరట్లో కూలీలు తలెత్తి చూసేలా, చెప్పులు టపటపలాడించుకుంటూ నడిచింది.