గట్టు మీది కుండ

నేను జువాలజీతో డిగ్రీ చదివాను. నా తోడికోడలు ఏడో తరగతి దాటలేదు. టెక్కలి దగ్గర మా ఇద్దరి వరి చేలకీ మధ్య ఒకటే గట్టు. కిందటేడు రెండు చేలకీ ఉల్లికోడు ఈగ తగిలింది. ఆ ఈగ పిల్లపురుగు లోపల చేరితే పిలక వెన్ను వేయదు, ఉల్లికాడలా గొట్టమైపోతుంది. నేను మందు కొట్టించాను. తను గొట్టాలు పీకి కుండలో వేసి, మూతికి దోమతెర గుడ్డ కట్టి గట్టు మీద పెట్టింది.

"ఏటే, ఈటితో పులుసెడతావా?" అన్నాను.

"ఆ పురుగుని తినీసే నలుసంత కందిరీగ కూడా గొట్టంలోనే ఉంటాదక్కా. అది గుడ్డలోంచి దూరి ఎలిపోద్ది, ఈగ లోపలే సత్తాది. నీ మందుకి సచ్చింది ఆ కందిరీగే."

ఇదే పాఠం చదివి పరీక్ష రాసిన దాన్ని నేను! ఒళ్లు మండిపోయింది.

కోతల నాటికి తన చేను బరువుగా వంగింది. నా చేలో పండింది కుండ పెట్టిన గట్టు పక్కనున్న నాలుగు వరసలే. ఎందుకో నాకు తెలుసు. అడిగినవాళ్లకి మాత్రం మందు అక్కడే బాగా పడిందన్నాను. తను పక్కనే ఉండి వింది. ఒక్క మాట ఎదురు చెప్పినా దెబ్బలాడుదును. ఆ అవకాశమూ ఇవ్వలేదు.