మానిటర్‌కు అడ్డుపడ్డ కుంకుమ

కొత్త ఫోర్‌కే మానిటర్‌ను దుకాణంలో వాపసు ఇవ్వడానికి ఈ రోజే ఆఖరు. వారం రోజులుగా అది మా పాత కంప్యూటర్‌తో కుదరడం లేదు. ఒక పోర్టుకు పెడితే బొమ్మ వస్తుంది కానీ, మౌస్ కదిపిన కాసేపటికి గానీ బాణం కదలదు. రెండో పోర్టులోకి కేబుల్ అసలు దూరదు. విసిగిపోయి రాయచూరు నుంచి మెకానిక్‌ను మా థర్మల్ ప్లాంటు క్వార్టర్‌కు పిలిపించాను.

అతను కంప్యూటర్ వెనక టార్చి వేసి చూసి నవ్వాడు.

"ఏంది సార్, పోర్టుల కుంకుమ నింపిండ్రు?"

"మా ఆవిడ. ప్రతి ఆయుధపూజకూ పెట్టేది."

"మూత మీద పెడ్తరు గాని, గిట్ల ఎనకాల పెడ్తరా? మేడమ్‌ను పిలువుండ్రి, జర చెప్త."

"లేదు. ఉగాదికి ముందే పోయింది."

అతను టార్చి ఆర్పాడు. "బ్రష్షు పెడ్త సార్. రెండు నిమిషాలల్ల సాఫ్ అయితది."

వద్దని పంపించేశాను.

ప్లాంటులో ఏటా కరెంటు ప్యానెళ్లకు పూజ చేస్తాం. బొట్టు వాటి తలుపు మీదే పెడతాం, లోపల కాదు. ఆ సంగతి ఆమెకు చెప్పాలని నాకెప్పుడూ తోచలేదు. వైర్లు దూరే చోటే యంత్రానికి ప్రాణమని ఆమె లెక్క. ఇది చదివేవాళ్లు మీ కంప్యూటర్ల వెనక కూడా ఒకసారి చూసి, ఏం కనిపించిందో కింద రాయండి.

వాపసు గడువు దాటిపోయింది. రేపు పొద్దున కాగితం పరిచి, ఆ కుంకుమను నేనే మెల్లగా తీసి ఆమె భరిణెలో పోస్తాను.