చొక్కా మీది డేగ

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన ఆ ఏడు, అక్కణ్ణించి జోర్డాన్ సరిహద్దుకు పోయే బస్సులో నా పక్కన ఒక కడప ఆవిడ కూర్చుంది. మనవైపు కలుపు తీయబోయే ఆడవాళ్లలా చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంది. కుడి అరచేయి ఎడమ భుజం మీంచి తీయడమే లేదు. దెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

తనిఖీకి ఇరాక్ సైనికుడు ఎక్కాడు. ఆమె పాస్‌పోర్టు ఎడంచేత్తో ఇస్తే మొహం చిట్లించి, ఫొటో చూసి ఇచ్చేశాడు.

అతను దిగాక ఆమె అరచేయి తీసింది. వెలిసిపోయిన చొక్కా భుజం మీద ఒకచోట మాత్రం రంగు కొత్తగా ఉంది. అది కువైట్ రాజముద్ర ఆకారం: రెక్కలు చాచిన డేగ, రెక్కల నడుమ తెరచాప పడవ.

“మా మామా అంటే నేను పంజేసే ఇంటి అరబ్బామె, ఆమె మొగునిదన్నా. పోలీసాయన. ఇరాకోళ్లు పట్టుకపోయినారు. ఇది ఇంట్లో దొరికితే అందర్నీ చంపుతారు. కాల్చేదానికి మామాకు మనసొప్పలా. దారాలన్నీ పిన్నీసుతో పీకినా, గుర్తు పోలా.”

“ఆ పడవేందక్కా?”

“పెట్రోలు పడకముందు వీళ్ల తాతలు ముత్యాలకు సముద్రం మీదికి పోయేవోళ్లంట. తిరిగొచ్చేదాకా డేగ కాపలా ఉంటాదని మామా చెప్పేది. ఆయప్ప వచ్చినాక చొక్కా తెచ్చియ్యమనింది.”

“ఎండ తగిలితే అంతా ఒకే రంగవుతుందిలే, భయపడకు,” అన్నాను.

ఆమె కిటికీలోంచి పడుతున్న ఎండకేసి చూసి, పైటకొంగు లాగి ఆ గుర్తుకు ఎండ తగలకుండా భుజం మీద గట్టిగా కప్పుకుంది.

ఇప్పటికీ చొక్కాలు తిరగేసే ఆరేస్తాను. ఎవరైనా అడిగితే, రంగు పోతుందని చెబుతాను.