నల్లగుడ్డలో కలబంద

నా చిన్నప్పుడు మా ఇంట్లో మట్టి లేకుండా బతికే మొక్క ఒకటుండేది. నడింటి దర్వాజ మీద, లోపలి వైపు, దూలానికి వేలాడే కలబంద. వేళ్లు పైకి, ఆకులు కిందికి. వేళ్ల చుట్టూ మా బాపమ్మ నల్లగుడ్డ చుట్టి కట్టింది. బాపును, అంటే మా నాన్నను కన్నతల్లి ఆమె. చిరిగిన గుడ్డను కూడా మూడు పనులకు వాడనిదే పారేసే మనిషి కాదు.

మాది భైంసా అవతల నల్లరేగడి ఊరు. ఆ ఏడు పత్తి మొత్తం పురుగు పాలైంది. బాపు పని వెతుక్కుంటూ బొంబాయి పోయాడు. ఆయన పోయిన పూటనే బాపమ్మ చేను గట్టు మీది కలబంద పెరుక్కొచ్చి కట్టింది. దిష్టికి కట్టడం మా వైపు అందరూ చేసేదే. కానీ కడుతూ కడుతూ ఆమె అన్న మాట నా చెవిన పడింది.

"గిది పచ్చగున్నన్ని దినాలు నా కొడుక్కు ఏం గాదు. దీనికి మన్ను వద్దు, నీళ్లు వద్దు, గాలి తిని బతుకుతది. ఎవ్వలు చెయ్యి పెట్టకపోతె సాలు."

నాకప్పుడు ఎనిమిదేళ్లు. పెద్దవాళ్లు ఒక మాట అంటే అది అంతే అనుకునే వయసు.

మొదట్లో నెలకో ఉత్తరం వచ్చేది. దసరా తర్వాత ఆగిపోయింది. పోస్టాయన సైకిలు మా వాకిట్లో ఆగకుండా పోయిన రోజు అవ్వ, అంటే మా అమ్మ, చేటలోని బియ్యం ఏరిందే మళ్లీ ఏరేది. బాపమ్మ మాత్రం ఎప్పటిలాగే పొద్దున లేచి పేడనీళ్లు చల్లేది, అందరినీ తిట్టేది. ఆమె మనసులో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు.

ఒకరోజు పక్కింటి పెద్దమ్మ నిప్పు కోసం వచ్చి తలెత్తి చూసింది. "ఏందే, మీ కలబంద ఆకు ముడుసుకున్నది? మొగోడు దూరముండంగ గిది వాడితె మంచిది గాదు. జర చూసుకోన్రి" అని తన నిప్పు తను తీసుకొని పోయింది.

నాకు ఆ రోజు అన్నం దిగలేదు. మరునాటి నుంచి నా పని మొదలైంది. మంచినీళ్ల బావి ఊరి చివర ఉండేది. బాపమ్మ నీళ్లను నెయ్యి లెక్క వాడేది, చెంబు ఒలికితే వీపు పగిలేది. అందుకని నేను తాగే నీళ్లలోంచే సగం గిలాస మిగిల్చేదాన్ని. ఎవరూ లేనప్పుడు బట్టల పెట్టె ఎక్కి ఆ నల్లగుడ్డ మీద పోసేదాన్ని. పోస్తూ "బాపూ, బాపూ" అనుకునేదాన్ని. ఆకులు కాస్త ఉబ్బినట్టు కనిపించాయి. నేనే బాపును బతికిస్తున్నాననుకున్నాను.

ఇరవై రోజులకు కాబోలు, పొద్దున గడప దగ్గర ఆకు ఒకటి రాలి పడి ఉంది. ముట్టుకుంటే చేతికి జిగురు, చెడ్డ వాసన. పైకి చూస్తే మొక్క మొదలంతా నల్లబడి గుడ్డలోంచి జారుతోంది. బాపు చచ్చిపోయాడు, నేనే చంపాను అనుకున్నాను. ఏడవడానికి కూడా భయమేసింది.

బాపమ్మ మొక్కను కిందికి దించి గుడ్డ విప్పింది. గుడ్డ పిండితే నీళ్లు కారాయి.

"ఎవలే పోసింది గీ నీళ్లు?"

తప్పించుకునే దారి లేదు. "నేనే బాపమ్మా. బాపుకు ఏం గావద్దని జరన్ని పోసిన."

దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. అప్పుడు పొయ్యి దగ్గర నుంచి అవ్వ గొంతు వినిపించింది. "పిల్లనేమనకు అత్తమ్మా. నేను గూడ రెండు దినాలకోపారి తడిపిన."

బాపమ్మ ఆ గుడ్డను ఇంకోసారి గట్టిగా పిండి దులిపింది. తర్వాత మెల్లగా అంది. "ఇగ నన్నెవలు అడగాలె? మొకం కడుక్కున్నంక రోజు నేను గూడ ఇన్ని పోసిన. వద్దన్నదాన్ని నేనే, పోసినదాన్ని నేనే. ముగ్గురం కలిసి ముంచినం దీన్ని."

అవ్వకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నా గుండెల మీది బండ దిగినట్టయింది. నీళ్లు పోసింది నేనొక్కదాన్నే కాదు, భయపడుతున్నదీ నేనొక్కదాన్నే కాదు.

బాపమ్మ కత్తిపీట తెచ్చి కుళ్లిన మొదలంతా కోసేసింది. కోసినచోట పొయ్యిలోని బూడిద అద్ది, గాలి తగిలేలా గింజలు దాచే గుమ్మి మీద పడుకోబెట్టింది. "ఎనిమిది దినాలు దీని దిక్కు చూసినోళ్ల కండ్లు పోతయ్" అంది. ఆ ఎనిమిది రోజులూ మా ఇద్దరి ముందు చింతపండు కుప్ప పోసి గింజలు తీయించింది. ఏమీ చేయకుండా ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కోసినచోటు గట్టిపడ్డాక, ఈసారి గుడ్డ లేకుండా ఉత్త దారంతో కట్టింది.

ఎండాకాలం మొదలై ఇప్పపూలు రాలే రోజుల్లో బాపు వచ్చాడు. సగం మనిషయ్యాడు. జ్వరంతో నెలల తరబడి మంచాన పడ్డాడట, ఉత్తరం రాసిపెట్టే మనిషి దొరకలేదట. మొక్క సంగతి ఆయనకు ఎవరమూ చెప్పలేదు.

బాపమ్మ నిజంగానే నీళ్లు పోసిందా, నా ముఖం చూసి ఆ మాట అన్నదా? అడగాలంటే ధైర్యం చాలలేదు. తర్వాత ఆమె లేదు. ఏదైనా ఒకటే. అంత పెద్ద మనిషి నా పక్కన కూర్చొని తప్పులో తన వంతు తీసుకుంది.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో కొడుకింట్లో ఉంటున్నాను. మోకాళ్లు పోయాయి, ఓపిక పోయింది. మనుమరాలు మన్ను అక్కర్లేని గాలి మొక్కలని నాలుగు కొనుక్కొచ్చి కిటికీ దగ్గర తీగలకు వేలాడదీసింది. వాటిని వారానికోసారి నీళ్లలో ముంచాలి, తలకిందులుగా పట్టి దులపాలి, తడి ఆరేదాకా గాలికి పెట్టాలి. పోయిన వారం ఒకటి నడిమి కుళ్లి ఆకులు ఊడొచ్చాయి. "నువ్వే ఎక్కువ కొట్టినవ్ నీళ్లు" అని నా కోడలు, "నువ్వే సరిగ దులపలే" అని మనుమరాలు. రెండు రోజులుగా మాటల్లేవు.

ఆ మొక్క నడుమ నీళ్లు నిలవడం నేను మంచం మీది నుంచి చూస్తూనే ఉన్నాను. లేవబుద్ధి కాలేదు, చెప్పబుద్ధి కాలేదు. వాళ్లు అరుచుకుంటుంటే కూడా గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నీళ్లు, నూనె, సబ్బు ముక్క, అన్నీ పొదుపు చేసిన దాన్ని. "నాది గూడ తప్పుంది" అన్న మాటకు ఖర్చేమీ లేదు. మొగుడితో ఒక్కసారీ అనలేదు. కొడుకుతో ఒకసారి అన్నాను, వాడు ఆ రోజు నా దగ్గరే కూర్చొని అన్నం తిన్నాడు. ఎనిమిదేళ్లకు నేర్చిన మాటను ఇన్నేళ్లూ దాచుకునే వచ్చాను. ఇంకా ఎవరి కోసం దాచాలి? మనుమరాలు కాలేజీ నుంచి రాగానే ఆ మాట చెబుదామని, నడుము నొస్తున్నా లేచి కూర్చున్నాను.