గిట్టదన్నా

బేరమాడని మనిషి లోకంలో ఉంటాడని ఇరవై మూడేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. గల్లాపెట్టె పక్కన ఉయ్యాలలో పెరిగినవాణ్ణి మరి. ఆ రోజుల్లో మా ఇంట్లో ధర చెప్పడమంటే సగం చెప్పడం, ఎదుటివాడు రెట్టింపు అడగడం, చివరికి ఇద్దరూ అలిసిపోయి మధ్యలో ఎక్కడో ఒప్పుకోవడం. (నా పెళ్లీ అలాగే కుదిరింది, ముందు ఎవరు అలిసిపోయారో చెప్పను.)

నాన్నకు కంటి ఆపరేషన్ అయిన నెలలో, కృష్ణపట్నం దారిలోని మా స్టీలు సామాన్ల కొట్టు నా చేతికొచ్చింది. అప్పుడే పోర్టులో కాంట్రాక్టు పని అయిపోయిన ఒక ఒరిస్సా మనిషి పని అడగడానికి వచ్చాడు, తర్వాత మా వీధికంతా ఒరిస్సా అన్న అయ్యాడు. తెలుగు బాగానే పట్టుకున్నాడు. ఇక్కడ పని దొరక్కపోతే కూతుర్ని బడి మాన్పించి సొంతూరికి పోవాలి. అలవాటు కొద్దీ, ఇవ్వదలచిన జీతంలో సగం చెప్పాను. "సరే అన్నా," అని చీపురు అందుకున్నాడు. నేను అంత సులువుగా ఎన్నడూ గెలవలేదు, అంత సిగ్గూ ఎన్నడూ పడలేదు.

"ఏందబ్బయా, ఆయన నోరు మెదపలేదని సగానికే కట్టేసినావా?" అంది పక్కనే ఉన్న టీకొట్టు అక్క.

జీతం నేనే పెంచితే సరిపోయేది. కానీ అడగని మనిషికి పెంచడమా? మా వంశంలో లేదు. అందుకని పాఠం చెప్పాను. "'గిట్టదన్నా' అని మెట్లు దిగిపో. నేను పిలుస్తా. పిలిచేదాకా వెనక్కి చూసినావా, బేరం పోయినట్టే."

బుద్ధిగా విన్నాడు. చీపురు గోడకు ఆనించి, "గిట్టదన్నా," అని దిగాడు. పోయేవాడు ఒక్కసారైనా వెనక్కి తిరగందే పిలవకూడదని నాన్న నాకు నేర్పిన పాఠం. నేను కాచుకున్నాను. అతను టీకొట్టు దాటాడు, మందుల షాపు దాటాడు.

"అబ్బయా, మనిషి నెల్లూరు బస్సెక్కినాడు," అంది అక్క.

తుడుస్తున్న గరిటెతోనే, చెప్పులు లేకుండా పరుగెత్తి బస్సును దబదబ బాదాను. "గరిటెకు టికెట్టా?" అన్నాడు కండక్టర్. కిటికీ కింద నిలబడి పూర్తి జీతం చెప్పాను. ఒరిస్సా అన్న ఇంకా ముందుకే చూస్తూ అడిగాడు. "పిలిచినావా అన్నా?"

"పిలిచినాను, దిగు."

ఇప్పుడు అతని కూతురు నెల్లూరులో నర్సు. బేరానికి పేరుపడ్డ విడవలూరు ఆడవాళ్లు సైతం అతనితో బేరమాడలేక అలిసిపోతారు. పనికోసం వేరే రాష్ట్రాల నుంచి కొత్తగా వచ్చినవాళ్లను మా మెట్లమీద కూర్చోబెట్టి, నా పాఠమే చిన్న సవరణతో చెబుతుంటాడు. "మధ్యలో ఒకసారి వెనక్కి చూడు. యజమానికి పరుగెత్తే వయసు దాటిపోయింది."

నేను విననట్టు గరిటెలు తుడుస్తుంటాను. ఒకదాని అంచున బస్సు రంగు ఇంకా అంటుకునే ఉంది. ఎవరు ఎంతకు అడిగినా దాన్ని మాత్రం అమ్మలేదు.