అప్పు వద్దన్నందుకు దెబ్బలు తిన్న సార్

మా ఎకనామిక్స్ సార్ పోయారని సోమవారం పొద్దున ఆఫీసుకు వెళుతుంటే తెలిసింది. నాంపల్లిలో ఆయన ఇంటి పక్కనుండే ఆవిడ బస్ స్టాపులో చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిందట. నేను లక్డీకాపూల్ బస్సు వదిలేసి ఆ గల్లీలోకి నడిచాను. చాప మీద పడుకోబెట్టిన ఆయన కుడిచెయ్యి ఎప్పటిలాగే వంకరగా ఉంది. ఆ చెయ్యి విరిగిన రోజు నేను పక్కనే ఉన్నాను.

మాది గుంటూరు వైపు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక నాన్న ఉద్యోగంతో పాటు ఇక్కడికొచ్చాం. అబిడ్స్‌లో ఒక సాయంకాలపు కాలేజీలో సార్ నాకు పాఠం చెప్పారు. తరతరాలుగా ఈ ఊరి మనిషి. క్లాసుకు రాగానే పుస్తకం తెరిచేవారు కాదు. ఎవరినో ఒకరిని లేపి, "ఇయ్యాల ఉల్లిగడ్డ ఏం ధరున్నది?" అని అడిగేవారు. తెలియదంటే, "పోయి అడిగిరా, గప్పుడు కూసో" అనేవారు. నన్ను రెండుసార్లు పంపారు.

ఆ ఏడు వానల్లేవు. జిల్లాల నుంచి కూలీలు నగరానికి వచ్చిపడ్డారు. ప్రభుత్వం అప్పు తెచ్చి రోడ్డు పనులు మొదలుపెట్టింది. అందరూ మెచ్చుకున్నారు. సార్ వద్దన్నారు.

"ఆకలితో వచ్చినవాళ్ళకి పనిస్తే తప్పేముందండీ?" అని క్లాసులోనే అడిగాను.

"పని ఇయ్యొద్దని నేనంటలేనమ్మా. దండగ ఖర్చులు తగ్గించుకొని ఇయ్యమంటున్న. పోయినేడు అప్పు తెచ్చిన్రు. ఈయేడు దాని వడ్డీకి ఇంకో అప్పు. చేతిల పైసలు పెరిగినయి, గింజలు పెరిగినయా? ధర పెరుగుతది. రేపు ఆ అప్పు గీ కూలోని కంచంలకెల్లే గుంజుకుంటరు."

నాకు పూర్తిగా నచ్చలేదు. ఇప్పటికీ కొంత నచ్చదు. అయినా అప్పు వద్దంటూ ఆయన వేయించిన కరపత్రాలు పంచడానికి ఆ ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు పరిచేచోటికి వెళ్ళాను.

కాసేపటికి ఒక లారీ వచ్చి ఆగింది. కూలీలు దిగారు, చేతుల్లో పారకర్రలు. సార్ వాళ్ళ పని ఆపించేస్తున్నారని ఎవరో చెప్పి పంపారట.

"మా నోటికాడి కూడు తీసేటోడివి నువ్వేనా?" అన్నాడు ముందున్నవాడు. అతని కంటి కింద పెద్ద పుట్టుమచ్చ.

"జర కూసో. చెప్త," అన్నారు సార్.

మొదటి దెబ్బ నోటి మీద పడింది. రక్తంతో పాటు పన్ను ఊడి చొక్కా మీద పడింది. రెండో దెబ్బకి ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. కింద పడ్డాక కూడా డొక్కలో తన్నారు. పుస్తకాలాయన అడ్డమొస్తే అతని తల పగిలింది. నేను మాత్రం కరపత్రాలు గుండెకు హత్తుకుని గోడకి అంటుకుపోయాను. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

దవాఖానలో పోలీసాయన వచ్చి ఎవరు కొట్టారని అడిగితే, సార్ "చూడలే" అన్నారు. అతను వెళ్ళాక ఎందుకలా చెప్పారని అడిగాను.

"వాన్ని లోపలేస్తే పిల్లలకు ఎవరు పెడ్తరు? భయపడి కొట్టిండమ్మా వాడు."

ఏడాది తిరక్కుండానే డబ్బు చాలక పనులు ఆగాయి. బియ్యం ధర కూలీలకు అందకుండా పోయింది. వాళ్ళు ఊరేగింపుగా నాంపల్లి వచ్చారు. ఆ మధ్యాహ్నం నేను సార్ ఇంట్లోనే ఉన్నాను. ఆయనకి కుడిచేత్తో రాయడం పోయింది, చెబుతుంటే పత్రికలకు ఉత్తరాలు నేనే రాసేదాన్ని.

ఎవరో రాయి విసిరారు. పోలీసుల లాఠీలు లేచాయి. జనం గల్లీలోకి పరుగెత్తుకొచ్చి ఒకరిమీద ఒకరు పడ్డారు. పడ్డవాళ్ళ వీపుల మీద చాకిరేవులో బట్టల్ని బాదినట్టు బాదుతున్నారు. ఒక ముసలామె చెవి తెగి వేలాడుతోంది. సార్ తలుపు బార్లా తీసి, ఎడమచేత్తో అందినవాళ్ళని అందినట్టు లోపలికి లాగారు. ఆయన మెడ మీదా ఒక దెబ్బ పడింది. ఆయన లాగడం ఆపలేదు.

ఆ రెండు గదులూ నిండిపోయాయి. మూల కూర్చున్నవాడి నుదురు చీలి, రక్తం పుట్టుమచ్చ మీదుగా కారుతోంది. నేను నీళ్ళ చెంబుతో అక్కడే ఆగిపోయాను.

"గుర్తువట్టిన్రా సార్?" అన్నాడు.

"పట్టిన. నీళ్లు తాగు."

"మీరు చెప్పినట్టే అయింది."

"గట్ల కాకుంటే బాగుండు," అన్నారు సార్. వాడి ఎదురుగా కూర్చుని, "అప్పు ఒద్దని చెప్పిన గని, గప్పటిదాంక నువ్వేం తినాల్నో చెప్పలే. అది నా తప్పు," అన్నారు. పాత ధోవతి చింపి, వాడి తలకి కట్టమని నాకిచ్చారు.

తాను చెప్పింది నిజమైన రోజున ఆయన ముఖంలో గెలుపు కనిపించలేదు. నాకాయన నేర్పిన పాఠాల్లో అదే పెద్దది.

పొద్దువాలేసరికి అందరూ వెళ్ళిపోయారు. వీధినిండా చెప్పులు, తెగినవీ, రక్తం అంటినవీ. సార్ వంగి ఒక్కొక్కటే ఏరి, జత వెతికి, గోడ వెంట వరసగా పెట్టసాగారు. ఎందుకండీ అన్నాను.

"రేపు ఎతుక్కుంట వస్తరు."

నేనూ ఏరాను. గోడ చివరిదాకా వరస పెరిగింది. ఎవరో చిన్నపిల్ల ఒంటి చెప్పు ఒకటి మిగిలింది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, రెండో దానికోసం సార్ ఖాళీ వీధంతా చూసుకుంటూ మెల్లగా నడిచి వెళ్ళారు.