చూడకుండా అన్న ‘సరే’

నాగసాకి రేవు పక్కనున్న మా విద్యుత్ కేంద్రంలో కళ్లుంటే చాలదు. ఏ వాల్వునైనా చూసి, వేలెత్తి చూపి, ‘తెరిచి ఉంది, సరే’ అని పైకి అనాలి. ఆ మాట విన్నాకే రెండోవాడు బటన్ నొక్కుతాడు. మంచి పద్ధతే, కాదనను. కానీ ఏళ్లు గడిచేకొద్దీ వేలూ నోరూ వాటంతటవే నడుస్తాయి. కళ్లు ఇంకెక్కడో ఉంటాయి.

ఇవానగా కియోహారు గొంతు మా అందరిలోకీ ఖంగుమనేది. నేను ఆయన తర్వాతి షిఫ్టుదాన్ని. కొత్తవాళ్లకి యంత్రం గురించి ఆయనే చెప్పేవాడు.

“ఫ్యూయల్ సెల్ గ్యాసుని మండించకుండానే కరెంటు చేస్తుంది. మిగిలిన వేడిని ఊరికే వదిలేస్తే పాపం కదూ? ఆ వేడిగాలే పక్కనున్న టర్బైన్ని తిప్పుతుంది, అదింకాస్త కరెంటిస్తుంది. మళ్లీ ఆ టర్బైనే సెల్‌కి గాలి ఊదుతుంది. అదే గ్యాసుకి రెండు పంటలు. చెరకు పిప్పితో బెల్లం కాచుకున్నట్టు.”

ఒకటి తూలితే రెండోదీ పోతుందని మాత్రం చెప్పేవాడు కాదు.

టర్బైన్ వేగం అందుకున్నప్పుడల్లా ఆయన ముఖం పాలిపోయేది. ఖాళీ గదివైపు తిరిగి “ఎవరన్నారు?” అని అడగడం నేను చాలాసార్లు చూశాను. వయసు మీద పడిందనుకున్నాం.

మొన్న మధ్యాహ్నం కొత్త యంత్రానికి పరీక్ష, రెండు షిఫ్టులవాళ్లమూ ఉన్నాం. వాల్వు తెరిచే ఉంది. ఇవానగా దాన్ని మూడుసార్లు తడిమాడు. వేలు లేచింది, మాట రాలేదు.

“ఏంటండీ, వాల్వు అలిగిందా?” అన్నాను.

“నన్ను హమాసాకి ఇంటికి తీసుకెళ్తావా?” అన్నాడు.

హమాసాకి ఒకప్పుడు ఆయన జోడీ. పోయి తొమ్మిదేళ్లయింది. ఆ సాయంత్రం నా కారులో ఇవానగా అంతా చెప్పాడు. పదకొండేళ్ల కిందట టర్బైన్ ఆపాల్సి వచ్చిందట. ఆపేముందు గాలిని పక్కదారి పట్టించే వాల్వు చేత్తో తెరవాలి, లేకపోతే సెల్‌లో ఒత్తిడి ఒకవైపే పడిపోతుంది. ఈయన వేలు చూపి ‘తెరిచి ఉంది, సరే’ అన్నాడు. చూపు గడియారం మీదుంది. ఆ మాట నమ్మి హమాసాకి బటన్ నొక్కాడు. లోపలి పింగాణీ గొట్టాలు వరసగా పగిలాయి. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. విచారణలో హమాసాకి తలవంచి, “‘సరే’ అనడం వినకుండా నేనే నొక్కానండీ” అన్నాడు. ఇవానగాకి నోరు పెగల్లేదు. హమాసాకి ఉద్యోగం వదిలేశాడు. రెండేళ్లకి గుండె ఆగి పోయాడు.

“అప్పట్నుంచీ టర్బైన్ మోతలో నా గొంతే వినిపిస్తోంది. సరే, సరే అని.”

నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. అయినా కారు ఆపలేదు.

హమాసాకి భార్య ఫుసాయె తలుపు తీసింది. ఇవానగా గుమ్మంలోనే మోకరిల్లి తల నేలకి ఆనించాడు.

“ఆ రోజు చూడకుండా సరే అన్నానమ్మా. తప్పు నాది. ఆయనది కాదు.”

ఆవిడ కూడా గుమ్మంలోనే కూర్చుంది.

“ఆయనకి తెలుసండీ. తర్వాత వెళ్లి చూస్తే వాల్వు మూసే ఉందట. ‘మనం చెప్పకూడదు, వాడే వచ్చి చెప్తాడు’ అనేవారు. పొద్దుపోయినా వీధి తలుపు గడియ పెట్టనిచ్చేవారు కాదు.”

“రెండేళ్లూనా?” అన్నాడు ఇవానగా, తల ఎత్తకుండానే.

“దాదాపు. పోవడానికి వారం ముందు మాత్రం, ‘ఇక గడియ పెట్టెయ్యి, వాడు రాడు’ అన్నారు.”